డెల్టా తేమలో చెక్క రెక్క

నరసాపురానికి కొద్ది దూరంలో, వశిష్ఠ గోదావరి గట్టుకు దిగువనున్న మా కొబ్బరితోట షెడ్డులో కొన్నేళ్లుగా ఒక చిన్న చెక్క విమానాన్ని నిర్మిస్తున్నాను. చూడడానికి వచ్చినవారు సాధారణంగా ముందు ఇంజను గురించి, ఆ తరువాత ఇది నిజంగా ఎగురుతుందా అని అడుగుతారు. డెల్టాలో చెక్కతో విమానం కట్టదలచినవారు అన్నిటికంటే ముందు పట్టించుకోవలసినది గాలిలోని తేమ అని నా దృఢమైన అభిప్రాయం. ఏ కలప కొనాలి, ఏ జిగురు వాడాలి, ఏ నెలలో ఏ పని చేయాలి, చివరికి ఏ రంగు వేయాలి అన్నవన్నీ ఆ ఒక్క విషయం మీదనే ఆధారపడి ఉంటాయి. ఐరోపా, అమెరికా దేశాలవారు తమ చల్లని, పొడి వర్క్‌షాపులను దృష్టిలో పెట్టుకొని రాసిన సూచనలలో ఈ విషయానికి దక్కే చోటు తక్కువ కనుక, ఇక్కడ దానిని గురించి వివరంగా రాస్తున్నాను.

నేను ఎంచుకున్న నమూనా జోడెల్ డి-9. ఫ్రాన్సులోని బోన్ పట్టణంలో ఎడువార్ జోలీ, జాన్ డెలెమోంటెజ్ అనే ఇద్దరు దీనిని రూపొందించగా, 1948 జనవరిలో మొదటిసారి ఎగిరింది. ఒక్కరే కూర్చునే విమానం. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు 7 మీటర్లు, రెక్క వైశాల్యం 9 చదరపు మీటర్లు, మనిషితోనూ ఇంధనంతోనూ కలిపి గరిష్ఠ బరువు 320 కిలోలు. రెక్క మధ్యభాగం సమంగా ఉండి, రెండు కొసలు పైకి వంగి ఉండడం దీని ప్రత్యేకత. గాలిలో ఉన్నప్పుడు బరువంతా మోసేది పెట్టె ఆకారంలో ఉండే ఒకే ఒక ప్రధాన స్పార్, అంటే రెక్క పొడవునా సాగే దూలం. పైనా కిందా స్ప్రూస్ అనే తేలికపాటి కలప పట్టీలు, ముందూ వెనుకా ప్లైవుడ్ పలకలు జిగురుతో కలిసి ఆ పెట్టె అవుతాయి. రెక్క అంతా విడదీయరాని ఒకే ముక్క. మధ్యలో ఉక్కు కీళ్లు అవసరం లేదు కనుక నిర్మాణం తేలికగా, సరళంగా ఉంటుంది. అయితే 7 మీటర్ల పొడవున ఒకే రకమైన పొడిదనాన్ని నిలబెట్టగల చోటు కావాలి. డెల్టాలో కష్టమంతా అక్కడే ఉంది.

మన ప్రాంతానికి చెక్కపని కొత్త కాదు. 17వ శతాబ్దంలో నరసాపురం, మాధవాయిపాలెం రేవులలో ఆంగ్లేయ వర్తకులు సైతం ఓడలు కట్టించుకునేవారు. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాలలో ధోనీలు అనే చెక్క పడవలు కట్టే విద్య తరతరాలుగా సాగింది. నాకు ఏటవాలు అతుకులు (రెండు కర్రల కొసలను వాలుగా కోసి కలిపేవి) కోయడం నేర్పినది కూడా తాళ్ళరేవు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పడవల మేస్త్రి గారే. మొదటిసారి నా నమూనా పటాలు చూపించినప్పుడు ఆయన చాలాసేపు చూసి, "పడవకైతే చెక్క నీళ్లు తాగి ఉబ్బితేనే అతుకు బిగుసుద్దండి మాస్టారూ. మీరేమో చుక్క తాగకూడదంటున్నారు. ఇది వేరే లెక్కండి, ఆయ్" అన్నారు. ఈ రెండు పనుల మధ్యనున్న తేడాను ఇంతకంటే స్పష్టంగా నేను ఎక్కడా చదవలేదు. పడవ పలకలు నీటిలో ఉబ్బి ఒకదానినొకటి ఒత్తుకుంటాయి, ఆ ఒత్తిడే సందులను మూస్తుంది. విమానంలో చెక్క ఉబ్బడం, కుంచించుకుపోవడం రెండూ జిగురు గీత మీద పడే అనవసరపు బరువే.

ఆ బరువు ఎంతో లెక్క వేసి చూడవచ్చు. చెక్క తన చుట్టూ ఉన్న గాలికి తగినంత తేమను ఎప్పటికప్పుడు తీసుకుంటూ, వదులుతూ ఒక సమస్థితికి వస్తుంది. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 50 శాతం ఉంటే చెక్కలో తేమ దాదాపు 9 శాతం దగ్గర నిలుస్తుంది. గాలి తేమ 65 శాతమైతే అది 12కు దగ్గరవుతుంది, 80 శాతమైతే దాదాపు 16కు చేరుతుంది. విమానపు అతుకులు వేసేటప్పుడు చెక్కలో 8 నుంచి 12 శాతం తేమ ఉండాలన్నది అందరూ పాటించే నియమం. మా షెడ్డులో వానాకాలమంతా గాలి తేమ 80 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. అంటే బయట ఊరికే ఆరబెట్టిన చెక్క ఎంతకాలం ఉంచినా ఆ నియమానికి అందదు. సిట్కా స్ప్రూస్ పచ్చిదనం నుంచి పూర్తిగా ఎండేవరకు చెట్టు వయసు వలయాల వెంట 7.5 శాతం, వలయాలకు అడ్డంగా 4.3 శాతం కుంచించుకుపోతుంది. ఈ లెక్కన 16 శాతం తేమతో ఉన్న 100 మిల్లీమీటర్ల పలక 10 శాతానికి వచ్చేసరికి, కోసిన తీరునుబట్టి, ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ నుంచి ఒకటిన్నర మిల్లీమీటరు వరకు తగ్గుతుంది. జిగురు గీత మందం మిల్లీమీటరులో చిన్న భాగమే అని గుర్తుంచుకుంటే ఈ అంకె ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఇది చాలదన్నట్టు, చెక్కలో తేమ ఒక్కొక్క శాతం పెరిగినప్పుడల్లా నార వెంట ఒత్తిడిని తట్టుకునే బలం 4 నుంచి 6 శాతం వరకు తగ్గుతుంది.

ఈ తేమ ఎంత హాని చేయగలదో చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వారి డి హావిలాండ్ మస్కిటో విమానం దాదాపు పూర్తిగా చెక్కతో తయారైంది. ఈక్వెడార్ బాల్సా చెక్కకు రెండు వైపులా బర్చ్ ప్లైవుడ్ అంటించి దాని ఒళ్లు చేశారు. 1940 నవంబరులో మొదట ఎగిరి, ఆ కాలపు అతివేగమైన విమానాలలో ఒకటిగా పేరు పొందింది. అయితే 1944లో భారత్, బర్మా రంగంలో పనిచేస్తున్న కొన్ని మస్కిటోల రెక్కలు గాలిలోనే విడిపోయి ప్రాణాలు పోయాయి. వాటిని కొంతకాలం నేల మీదనే నిలిపివేశారు. వానాకాలంలో చెక్క ఉబ్బి, కుంచించుకుపోవడమే కారణమని మొదట భావించారు. తరువాతి విచారణ మాత్రం అసలు లోపం తయారీలో ఉందనీ, స్పార్‌కూ పై పలకకూ మధ్య సందులు సరిగా పూడలేదనీ తేల్చింది. మొదట్లో వాడిన కేసిన్ అనే పాల జిగురు స్థానంలో ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా అప్పటికే వచ్చింది. ఈ విచారణ ఫలితాన్ని నేను చాలా ముఖ్యమైనదిగా భావిస్తాను. సరిగా కూర్చిన అతుకును మన వాతావరణం ఒక్కటే విప్పలేదు, సరిగా కూర్చని అతుకును మాత్రం ఇతర దేశాలకంటే ఎంతో త్వరగా బయటపెడుతుంది. మన దేశంలోనే పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రంలో ఎస్. రామామృతం రూపకల్పన చేసిన రోహిణి అనే గ్లైడరు (ఇంజను లేని విమానం) 1961లో ఎగిరింది. ఇద్దరు పక్కపక్కన కూర్చునే ఆ చెక్క గ్లైడర్లను ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్.ఎ.ఎల్. తయారుచేసింది. మన గ్లైడింగ్ క్లబ్బులలో ఎందరో వాటి మీదనే ఎగరడం నేర్చుకున్నారు. కనుక చెక్క మన దేశానికి పనికిరాదనే మాటను నేను అంగీకరించను.

కలప విషయానికి వస్తే, మనకు బాగా తెలిసిన టేకు ఇందుకు తగదు. దాని బరువు ఘనపు మీటరుకు దాదాపు 650 కిలోలు, స్ప్రూస్ బరువు 430 లోపే. పైగా టేకులోని సహజమైన నూనె జిగురును సరిగా పట్టనివ్వదు. హిమాచల్‌లో 'రై' అని పిలిచే హిమాలయ స్ప్రూస్, గుజరాత్‌లోని గాంధీధామ్ డిపోలకు ఓడల మీద వచ్చే డగ్లస్ ఫర్ వంటివి మన దేశంలో వెతకదగినవి. డగ్లస్ ఫర్ కాస్త బరువు, కాస్త ఎక్కువ బలం. అయితే జాతి పేరు కంటే ఆ ముక్క నాణ్యత ముఖ్యం. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్.ఎ.ఎ. వారి సూచనల ప్రకారం 15 అంగుళాల పొడవులో నార 1 అంగుళానికి మించి పక్కకు వాలరాదు, వలయాలు అంగుళానికి కనీసం 6 ఉండాలి. నార వాలును కనిపెట్టడానికి సిరా చుక్క వేసి అది ఎటు పాకుతుందో చూడడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచి పద్ధతి. అన్నిటికంటే ప్రమాదకరమైనది చెట్టు పడిపోయినప్పుడో గాలికి వంగినప్పుడో లోపలి నార నలిగి ఏర్పడే అడ్డగీత. మామూలు వెలుతురులో అది కనపడదు. చీకటిలో టార్చిలైటు వెలుగును చెక్క మీదుగా పక్కవాటుగా పడేలా చేస్తే వెంట్రుకంత గీత మెరుస్తుంది. అలాంటి గీత కనపడిన కర్రను, ఎంత ఖరీదైనదైనా, స్పార్‌కు వాడరాదు. నేను ప్రతి కర్రనూ రాత్రిపూటే పరీక్షిస్తాను.

ఇక కాలం సంగతి. ఇక్కడి సంవత్సరాన్ని నేను కాలువలనుబట్టి విభజించుకున్నాను. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, చేలు ఎండుతాయి, పడమటి గాలి మొదలవుతుంది. ఆ గాలి వీచే ఉదయాలలో మా షెడ్డులోని తేమమాపకం ఏడాదిలో మరెన్నడూ లేనంత కిందికి దిగుతుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగిందంటే ముల్లు మళ్లీ పైకి లేస్తుంది. అందువలన ముఖ్యమైన అతుకుల చెక్కను ఆ ఉదయాలలోనే చిత్రిక పట్టి, సముద్రపు గాలి రాకముందే జిగురు పూసి బిగిస్తాను. సార్వా నాట్ల కాలంలో, అంటే చుట్టూ నీరు నిలిచి ఉన్న నెలలలో, కొలతలు, ఇనుప పని, చిన్న నమూనాల పరీక్షలు తప్ప ప్రధానమైన అతుకు ఏదీ వేయను. ఆశ్వయుజ, కార్తీక మాసాలలో తుపానుల భయం కూడా ఉంటుంది. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చివేసిన తుపానును చూసినవారెవరూ షెడ్డు కప్పును తేలికగా తీసుకోరు. స్పార్‌ను అమర్చిన బల్లను నేలకు బాగా ఎత్తుగా, షెడ్డు స్తంభాలతో సంబంధం లేకుండా విడిగా నిలబెట్టాను.

వాతావరణం మీద మాత్రమే ఆధారపడకుండా, షెడ్డు లోపలే పొడవైన పెట్టె ఒకటి కట్టాను. ప్లైవుడ్ గోడలు, లోపల మందమైన పాలిథిన్ పొర, అడుగున పాతకాలపు ఫిలమెంట్ బల్బులు, రెండు కొసలలో గాలి కొద్దిగా కదిలే చిన్న పంకాలు ఉంటాయి. బల్బుల వేడి లోపలి గాలి తేమను 60 శాతం లోపుకు తెస్తుంది. స్పార్ పట్టీలు కొన్ని వారాలు అందులో ఉండి, సూదులున్న తేమ మీటరు మూడు చోట్ల ఒకే అంకె చూపాకే బయటికి వస్తాయి. కర్ర కొసల నుంచి తేమ పక్కల నుంచి కంటే ఎన్నో రెట్లు వేగంగా లోపలికి పోతుంది కనుక, కోసిన వెంటనే కొసలకు వార్నిష్ పూయడం నాకు అలవాటైంది. చెదలు కూడా డెల్టాలో నిత్య శత్రువే కనుక పెట్టె కాళ్లను నూనె పోసిన గిన్నెలలో నిలిపాను.

జిగురు ఎంపికలో నేను చాలాకాలం ఆలోచించాను. రిసార్సినాల్ అనే కృత్రిమ జిగురు నీటికి, వేడికి, కాలానికి అన్నిటికీ నిలుస్తుంది. దానికి కనీసం 21 డిగ్రీల వేడి కావాలి. చలి దేశాలవారు అందుకోసం షెడ్డును వేడి చేసుకుంటారు, మనకు పుష్య మాసపు మధ్యాహ్నం కూడా ఆ వేడి ఉచితంగా దొరుకుతుంది. అయితే దానికి అతుకు ఖచ్చితంగా కుదరాలి. మెత్తటి కలపకు చదరపు సెంటీమీటరుకు 9 నుంచి 10 కిలోల బిగింపు ఉండాలి. సందును అది పూడ్చలేదు. ఎపాక్సీ అనే మరో కృత్రిమ జిగురు అందుకు భిన్నంగా కొద్దిపాటి సందునూ పూడుస్తుంది, తక్కువ బిగింపుతో సరిపెట్టుకుంటుంది. కానీ గది వేడికి గట్టిపడే చాలా ఎపాక్సీలు 60 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడడం మొదలుపెడతాయి. మే నెల ఎండలో నిలిపిన ముదురు రంగు రెక్క ఆ వేడిని సులభంగా దాటుతుంది. అందుకే నా విమానానికి తెలుపు తప్ప మరో రంగు లేదు. ఎపాక్సీకి తేమతో మరో చిక్కు ఉంది. గట్టిపడే సమయంలో దానిలోని అమైన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతోనూ కార్బన్ డయాక్సైడుతోనూ కలిసి పైన మైనం లాంటి పొరగా తేలతాయి. ఆ పొర మీద మరో పూత వేస్తే అది నిలవదు. గోరువెచ్చని నీటితో కడిగి, ఆరబెట్టాకే ముందుకు సాగాలి. చివరికి స్పార్ పట్టీల ఏటవాలు అతుకులకు రిసార్సినాల్, మూలల్లోని చిన్న ప్లైవుడ్ ముక్కలకు ఎపాక్సీ అని నిర్ణయించుకున్నాను. ఏటవాలు అతుకు 12కు 1 వాలులో ఉండాలి కనుక 20 మిల్లీమీటర్ల మందం పట్టీకి 240 మిల్లీమీటర్ల వాలు కోయాలి. మేస్త్రి గారి చిత్రిక లేకుండా అంత పొడవైన వాలును సమంగా తేవడం నాకు సాధ్యమయ్యేది కాదు. గరుకు కాగితంతో రుద్దిన తలం కంటే పదునైన చిత్రికతో కోసిన తలమే జిగురును బాగా పట్టుకుంటుంది. ఒక నీటిచుక్క వేస్తే అది పూసలా నిలబడకుండా వెంటనే ఇంకిపోవాలి.

జిగురు కలిపిన ప్రతిసారీ, అదే కర్ర తుంపులతో అదే గిన్నెలోని జిగురుతో ఒక నమూనా అతుకు వేసి, దాని మీద తేదీ, గాలి తేమ, చెక్క తేమ రాసి ఉంచుతాను. గట్టిపడ్డాక దానిని ఉలితో చీలుస్తాను. చెక్క చిరగాలి, జిగురు గీత విడిపోకూడదు. చీలిన రెండు ముఖాల మీదా చెక్క నార అంటుకొని ఉంటే ఆ రోజు వేసిన అతుకును ఉంచుతాను. నున్నని జిగురు ముఖం కనిపిస్తే అసలు అతుకును కోసి పారేయాలి. ఇంకొన్ని నమూనాలను ఏడాది పొడవునా షెడ్డు బయట చూరు కింద వేలాడదీసి, వానలు వెళ్లాక చీలుస్తాను. పుస్తకాలలో దొరకని సమాచారం నాకు వీటి నుంచే వస్తున్నది. ఈ పనిలో నాకు అత్యంత ప్రీతికరమైన భాగం కూడా ఇదే.

రెక్కకు ఆకారమిచ్చే అడ్డు చట్రాలైన రిబ్‌ల బలాన్ని కూడా చేతనైనంతలో పరీక్షించాను. 320 కిలోలను 9 చదరపు మీటర్లకు పంచితే చదరపు మీటరుకు 35 కిలోలకు కాస్త ఎక్కువ వస్తుంది. విమానం మామూలు వాడకంలో మోయవలసిన, తన బరువుకు 3.8 రెట్ల భారానికి ఒకటిన్నర రెట్ల భద్రత కలిపితే అది చదరపు మీటరుకు 200 కిలోలు దాటుతుంది. ఒక్క రిబ్ వంతుకు దాదాపు 90 కిలోలు. రెక్క మీద గాలి ఒత్తిడి పైకి ఉంటుంది కనుక రిబ్‌ను తలకిందులుగా బిగించి, గోదావరి ఇసుక నింపిన చిన్న సంచులను ముందు భాగంలో ఎక్కువగా, వెనుక తక్కువగా పేర్చాను. చేతిలో పట్టుకుంటే బరువే తెలియని ఆ సన్నని పుల్లల చట్రం ఒక నిండు మనిషి బరువును మించి మోసింది. పరీక్షకు గురైన రిబ్‌ను రెక్కలో వాడరాదు, దానిని గోడకు తగిలించాను.

రెక్క లోపలి గదులన్నిటికీ మూసేముందు వార్నిష్ వేయాలి, ప్రతి గదికీ అతి కింది మూలలో నీరు జారే రంధ్రం ఉండాలి. చెక్కలో తేమ 20 శాతం దాటి నిలిచినచోటనే బూజు, కుళ్లు మొదలవుతాయి. బోల్టు రంధ్రాల లోపల కూడా వార్నిష్ పూస్తాను. చెక్క ప్రొపెల్లరు మధ్యభాగం వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది కనుక కాలం మారినప్పుడల్లా దాని బోల్టుల బిగువును సరిచూడాలి. చుట్టూ చెరువులు, ఉప్పుగాలి ఉన్నచోట ఉక్కు ముక్కలకు పూత విషయంలో ఉపేక్ష పనికిరాదు.

గుడ్డ తొడిగే పని ఇంకా ముందుంది. పాలిస్టర్ గుడ్డను ఇస్త్రీపెట్టె వేడితో బిగువు చేసి, దారంతో ప్రతి రిబ్‌కూ కుట్టాలి. ఆ కుట్టుకు వాడే ముడి వలల ముడికి దగ్గరి చుట్టం. పటం చూపించగానే పక్క ఊరి జాలరి ఒకాయన తాడు తీసుకొని నా కళ్లముందే వేసి చూపారు. గుడ్డ మీద పూసే డోప్ అనే వార్నిష్ లాంటి పూతను మాత్రం తేమలో పూస్తే తెల్లబారి బలహీనమవుతుంది. కనుక ఆ పని కూడా కాలువలు కట్టేసిన రోజులకే.

అనుమతుల గురించి క్లుప్తంగా చెబుతాను. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డి.జి.సి.ఎ. ఇచ్చే రిజిస్ట్రేషను, ఎగిరే అనుమతి లేకుండా మన దేశంలో ఏ విమానమూ గాలిలోకి లేవకూడదు. ముంబైలో తన ఇంటి మేడ మీద లోహపు విమానం నిర్మించిన పైలట్ అమోల్ యాదవ్ గారికి 2017లో రిజిస్ట్రేషను దక్కడానికి ముందు ఎన్నో ఏళ్ల ఎదురుచూపు ఉంది. కనుక మొదటి కర్ర నుంచే ప్రతి అతుకుకూ ఛాయాచిత్రం, నమూనా, రాత తప్పనిసరి. మూసేసిన పెట్టె లోపల ఏముందో తరువాత చూపడానికి మరో దారి ఉండదు. మూసేముందు ఒక విమాన ఇంజనీరుకు చూపించడం ఇంకా మంచిది.

ఈ పని మొదలుపెట్టదలచి నన్ను అడిగే కుర్రవాళ్లకు నేను చెప్పే వరుస ఇది. ముందు ఒక మంచి తేమమాపకం కొని, తాము పనిచేయబోయే చోట ఒక ఏడాది పాటు ఉదయం, సాయంత్రం అంకెలు రాసుకోవాలి. ఆ తరువాత ఆరబెట్టే పెట్టె కట్టాలి. జిగురు నమూనాలు వేసి ఒక వానాకాలం గడవనివ్వాలి. అవి నిలిచాకే విమానం పటాలకూ స్పార్ కలపకూ డబ్బు ఖర్చు పెట్టాలి.